కమ్మరి లేని దేశం



ఇశ్రాయేలు దేశమంతటా వెదకినా ఒక్క కమ్మరి దొరకని కాలం ఒకటి ఉండేది. సౌలు రాజ్యమేలిన తొలి రోజుల సంగతి ఇది (1 సమూయేలు 13:19–22). హెబ్రీయులు కత్తులూ ఈటెలూ చేయించుకుంటారేమోనని ఫిలిష్తీయులు ఆ దేశంలో కమ్మరమే లేకుండా చేశారు. అందుచేత నాగటి కర్రుకు పదును పెట్టించాలన్నా, గొడ్డలి నూరించాలన్నా దేవుని ప్రజలు శత్రువు గడప తొక్కవలసి వచ్చింది. పొలం వాళ్లదే. ఎద్దులు వాళ్లవే. కర్రు మొండిపడితే మాత్రం ఫిలిష్తీయుల దగ్గరకు వెళ్లవలసిందే. చివరకు యుద్ధం వచ్చిన నాడు సౌలుకు, యోనాతానుకు తప్ప ఆ జనంలో ఎవరి చేతిలోనూ కత్తి గాని ఈటె గాని లేదు.

ఈ వాక్యభాగం నేను ఎన్నోసార్లు చదివాను. యుద్ధం గురించి ప్రసంగించాను, యోనాతాను విశ్వాసం గురించి ప్రసంగించాను. కమ్మరి గురించి మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. నన్ను ఆలోచింపజేసింది మన పల్నాడులోనే ఒక పొలంలో, ఒక మోటారు దగ్గర జరిగిన సంగతి.

జేబులో ఫ్యూజులు

కొన్నేళ్ల క్రితం మాట. అప్పట్లో పొలాలకు త్రీఫేజు కరెంటు రాత్రివేళ విడతలుగా వచ్చేది. ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియక రైతులు మోటారు దగ్గరే పడిగాపులు పడేవారు. ఆ బాధ పడలేక చాలామంది ఆటో స్టార్టరు పెట్టించుకున్నారు. కరెంటు రాగానే అదే మోటారును నడుపుతుంది. మనిషి మంచం దిగనక్కరలేదు.

మా సంఘంలో ఒక రైతు కుమారుడు డిగ్రీ చదివాడు. ఉద్యోగం దొరక్క ఇంటికి వచ్చి సేద్యం చూసుకుంటున్నాడు. ఒక రాత్రి కాలువ గట్టున ఉన్న తమ పంపు గ్లాండు దగ్గర నీరు కారుతుంటే స్పానరు తీసుకుని నట్లు బిగించడానికి కూర్చున్నాడు. కరెంటు లేదు. కరెంటు లేదు కనుక భయం లేదనుకున్నాడు. ఇంతలో కరెంటు వచ్చింది. స్టార్టరు తన పని తాను చేసింది. తిరిగిన కప్లింగులో అతని కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో అతని తండ్రి పక్కన కూర్చున్నాను. ఆయన ఏడవలేదు. చాలాసేపటికి ఇలా అన్నాడు: "మోటారు మీద చెయ్యి వేసే ముందు మూడు ఫ్యూజులూ పీకి చొక్కా జేబులో వేసుకుంటానయ్యగారూ. నా వయసంతా అదే అలవాటు. ఫ్యూజులు నా జేబులో ఉంటే ఎవరు స్విచ్చి వేసినా, ఎప్పుడు కరెంటు వచ్చినా మోటారు తిరగదు. ఈ ఒక్క మాట వాడికి చెప్పలేదు. వాడు పొలానికే రాకూడదని కదా నా కోరిక! వాడికి చదువు ఇచ్చాను గానీ, నాకు తెలిసింది ఇవ్వలేదు."

నేను జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ కుర్రవాణ్ణి హాస్టలుకు పంపిన రోజున వాళ్లింట్లో ప్రార్థన చేసింది నేనే. చేతికి మట్టి అంటని ఉద్యోగం ఇమ్మని దేవుణ్ణి అడిగాను. తల్లిదండ్రులు ఆమేన్ అన్నారు.

చేతులు కట్టిన ఆనకట్ట

మన ప్రాంతం చేతిపని ఎరుగనిది కాదు. మాచర్ల దాటి విజయపురి సౌత్ వెళ్లి నాగార్జునసాగర్ ఆనకట్టను చూడండి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు దానికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. సుమారు 124 మీటర్ల ఎత్తున నిలిచిన ఆ గోడ రాతికట్టడం. రాతితో కట్టిన ఆనకట్టలలో ప్రపంచంలోనే అతి పెద్దదిగా దానికి పేరు. ఆ రోజుల్లో మన దేశంలో సిమెంటుకూ పెద్ద యంత్రాలకూ కరువు. పని చేసే చేతులకు మాత్రం కరువు లేదు. వేలాదిమంది రాళ్లు కొట్టారు, మోశారు, పేర్చారు. మేస్త్రీలు ఒక్కొక్క రాయిని తట్టి చూసి, తిప్పి చూసి, దాని ముఖం ఎటో తేల్చి కూర్చోబెట్టారు. ఈనాడు మన మిరప చేలకూ పత్తి చేలకూ కుడికాలువ నీరు పారుతున్నదంటే ఆ చేతుల చలవే.

ఆ తరువాత ఆయిల్ ఇంజన్లు వచ్చాయి, ట్రాక్టర్లు వచ్చాయి, కరెంటు మోటార్లు వచ్చాయి. వాటితో మరో రకం పనివాళ్లు వచ్చారు. మా చిన్నతనంలో ఊరికొక ఇంజను మేస్త్రీ ఉండేవాడు. స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏ బేరింగు అరిగిందో శబ్దాన్ని బట్టి చెప్పేవాడు. మోటారు కాలిపోతే వైండింగు షాపులో కాలిన తీగ ఊడదీసి, చుట్లు లెక్కపెట్టి, తీగ మందం కొలిచి, గాడి గాడికీ కాగితం వేసి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టేవారు. ఇప్పటికీ నరసరావుపేటలో, పిడుగురాళ్లలో ఆ పని చేసేవారు ఉన్నారు. అయితే ఒకసారి ఆ షాపులోకి వెళ్లి చూడండి. తీగ చుట్టే చేతులు ఏ వయసువో గమనించండి. పక్కన కూర్చుని నేర్చుకునే కుర్రవాడు ఉన్నాడో లేడో గమనించండి.

దోషం యంత్రానిది కాదు

నేను యంత్రాలను తిట్టడానికి ఇది వ్రాయడం లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలకు బి.ఎస్.-6 ప్రమాణాలు వచ్చాయి. పొగ తగ్గింది, మంచిదే. దానితోపాటు కొత్త మోటారు సైకిళ్లలో కార్బురేటరు పోయి, కంప్యూటరు కొలిచి పెట్రోలు పోసే పద్ధతి వచ్చింది. రోడ్డు పక్క చెట్టు కింద కూర్చుని జెట్ ఊది బండి నడిపించిన మెకానిక్కుకు ఇప్పుడు స్కానరు కావాలి. స్కానరు ఒక అంకె చూపిస్తుంది, ఆ అంకెను బట్టి ఒక భాగం తీసి కొత్తది వేస్తాడు. బండి నడుస్తుంది. కానీ ఆ భాగం ఎందుకు పాడైందో అతనికి తెలియదు, మనకూ తెలియదు. పాతది బాగుచేయడం పోయింది, కొత్తది మార్చడం మిగిలింది.

పంపు దగ్గర పడిగాపులు తప్పించిన ఆటో స్టార్టరు కూడా చెడ్డ తలంపుతో పుట్టింది కాదు. అయినా కరెంటు రాగానే ఊరి మోటార్లన్నీ ఒకేసారి తిరిగితే ట్రాన్స్‌ఫార్మరు మీద బరువు పడి కాలిపోతుంది. మనిషి చేతితో వేసే రోజుల్లో ఒకరు ముందు, ఒకరు వెనుక వేసేవారు. ఆ కాస్త తేడాయే ట్రాన్స్‌ఫార్మరును కాపాడేదని ఎవరికీ తోచలేదు.

లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే బ్రిటిషు పరిశోధకురాలు 1983లో దీని గురించి ఒక వ్యాసం వ్రాశారు. ఆమె చెప్పిన సంగతి సామాన్యంగా చెప్పాలంటే ఇది: తేలిక పనులన్నీ యంత్రానికి అప్పగించి, యంత్రం చేయలేని కష్టమైన పనిని మనిషికి వదులుతాము. కానీ రోజూ చేయని మనిషి చేతి వాటం మరచిపోతాడు. కనుక అందరికంటె ఎక్కువ నేర్పు అవసరమైన గడియలో అతని దగ్గర అందరికంటె తక్కువ నేర్పు ఉంటుంది.

2009 జూన్ 1న ఈ మాట ఆకాశంలో రుజువైంది. బ్రెజిల్ నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ విమానంలో వేగం కొలిచే గొట్టాలకు మంచు పట్టింది. తనంతట తాను నడిపే యంత్రం ఆ లెక్కలను నమ్మలేక, విమానాన్ని పైలట్ల చేతికి వదిలేసింది. విమానానికి రెక్కలున్నాయి, ఇంజన్లు తిరుగుతున్నాయి. అయినా నాలుగున్నర నిమిషాల లోపే అది సముద్రంలో పడింది. 228 మంది చనిపోయారు. అంత ఎత్తులో విమానాన్ని చేతితో నడిపే శిక్షణ ఆ పైలట్లకు లేదని విచారణలో తేలింది. ఆటో స్టార్టరు పక్కన కూర్చున్న మా కుర్రవాడి కథా, వాళ్ల కథా ఒక్కటే కదా!

గేటు కొట్టుకుపోయిన రాత్రి

మన కృష్ణమ్మ మీదే మరొక సాక్ష్యం ఉంది. సాగర్‌కు దిగువన ఉన్న పులిచింతల ప్రాజెక్టులో 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున పదహారవ నెంబరు గేటు విరిగి కొట్టుకుపోయింది. 45.77 టి.ఎం.సీ.లు పట్టే జలాశయం అది. నిలవ ఉన్న నీటిని చాలావరకు దిగువకు వదిలి, మట్టం తగ్గించిన తరువాతే అడ్డుగా స్టాప్‌లాగ్ దించగలిగారు. మనం ఎదురుచూసే నీరు కళ్లముందే సముద్రం పాలైంది.

మూడేళ్ల తరువాత, 2024 ఆగస్టు 10 రాత్రి, తుంగభద్ర డ్యాములో పందొమ్మిదవ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. మూడు రాష్ట్రాల రైతుల ప్రాణం గొంతులోకి వచ్చింది. అప్పుడు పిలిపించింది ఎవరిని? కన్నయ్య నాయుడు గారిని. డ్యాముల గేట్ల పనిలో జీవితమంతా గడిపి రిటైరైన తెలుగు ఇంజనీరు ఆయన. జలాశయం ఖాళీ అయ్యేదాకా ఆగకుండా, పారుతున్న నీటిలోనే ఇనుప పలకలను ఒకదానిపై ఒకటి దించి అడ్డు వేయవచ్చని ఆయన ధైర్యం చెప్పారు. ఆగస్టు 17 నాటికి ఆ పని పూర్తయి నీరు నిలిచింది. అదే ఏడు సెప్టెంబరులో వరదకు కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజిని గుద్దితే, దెబ్బతిన్న కౌంటర్ వెయిట్ల పనికి కూడా ఆయననే రప్పించారు.

ఆ పెద్దాయన కోసం దేవుణ్ణి స్తుతిద్దాం. అయితే ఒక ప్రశ్న కూడా వేసుకుందాం. గేటు లేపే మీట నొక్కడం ఎవరికైనా ఒక పూటలో నేర్పవచ్చు. గేటే లేనప్పుడు ఏం చేయాలో తెలిసినవాణ్ణి తయారుచేయడానికి ఒక జీవితకాలం పడుతుంది. అటువంటి పెద్దల దగ్గర ఇవాళ ఎంతమంది కూర్చుని నేర్చుకుంటున్నారు?

నెబుకద్నెజరుకు ఈ విలువ తెలుసు. యెరూషలేమును కొల్లగొట్టినప్పుడు అతడు బంగారాన్ని మాత్రమే మోసుకుపోలేదు. కంసాలులను, కమ్మరులను వేయిమందిని ఏరి చెరపట్టుకుపోయాడు (2 రాజులు 24:14–16). ఫిలిష్తీయులూ ఇదే చేశారు. మన సంగతి మరీ విచిత్రం. మన పనివాళ్లను ఏ శత్రువూ ఎత్తుకుపోలేదు. మన అరుగుల మీదే కూర్చుని ఉన్నారు. మనమే వాళ్లను అడగడం మానేశాం.

వెట్టి వేరు, వరం వేరు

ఇక్కడ మీలో కొందరు నా మీద కోపపడతారని నాకు తెలుసు. ఒక తల్లి నాతో ముఖాన్నే అన్నది: "మా తాతల చేతులు కాయలు కాసింది చాలు అయ్యగారూ. మళ్లీ మా పిల్లలను పని నేర్చుకోమంటారా?"

ఆ మాటలో న్యాయం ఉంది. మన సంఘాలలో చాలా కుటుంబాల పెద్దలకు పని వరంగా రాలేదు, వెట్టిగా వచ్చింది. కులం పేరు చెప్పి చేయించారు, చేసినందుకే దూరంగా నిలబెట్టారు. హయ్యరు దొరగారు 1842లో గుంటూరు వచ్చి, 1849లో గురజాలలో కాపురం పెట్టి సువార్త చెప్పారు. ఆయన వెనుక వచ్చిన మిషనరీలు పెట్టిన బడులలో మన తాతలు అక్షరాలు దిద్దారు. ఆ పలకే మన సంకెళ్లు తెంచింది. చదువు మానమని చెప్పే కాపరి తన సంఘానికి ద్రోహి. నేను ఆ మాట చెప్పడం లేదు.

కానీ ఆలోచించండి. వెట్టిని అసహ్యించుకోబోయి చేతినే అసహ్యించుకుంటున్నాం. పెండ్లి సంబంధాల దగ్గర చూస్తున్నాను. అబ్బాయి మెకానిక్కు అనగానే ఆడపిల్ల వారి ముఖం ముడుచుకుంటుంది. ఖాళీగా ఉన్నా సరే డిగ్రీ ఉంటే కూర్చోమంటారు. మన ప్రభువును స్వంత ఊరివాళ్లు ఏమని తీసిపారేశారు? ఇతడు వడ్లవాడు కాడా అని కదా (మార్కు 6:3)! ధర్మశాస్త్రం గమలీయేలు పాదాల దగ్గర చదువుకున్న పౌలు కొరింథులో డేరాలు కుట్టి తిన్నాడు (అపొ. కా. 18:3). చదువు ఒక చేతిలో, పని మరో చేతిలో ఉన్న మనిషి ఎవరి గడప దగ్గరా వంగనక్కరలేదు. కుమారునికి చేతిపని నేర్పని తండ్రి వాడికి దొంగతనం నేర్పినట్టేనని యూదుల పెద్దలలో ఒక మాట ఉండేదట.

బెసలేలుకు ఇచ్చిన రెండవ వరం

దేవుడు ఒక మనిషిని తన ఆత్మతో నింపాడని పరిశుద్ధ గ్రంథంలో స్పష్టంగా చదివే తొలి సందర్భాలలో ఒకటి ఎవరిదో గుర్తున్నదా? ప్రవక్తది కాదు, యాజకునిది కాదు. యూదా గోత్రపువాడైన బెసలేలుది. బంగారంలో, ఇత్తడిలో, రాతిలో, చెక్కలో పనిచేయడానికి దేవుడు అతనిని ఆత్మతో నింపాడు (నిర్గమ. 31:1–5). స్పానరు పట్టిన చెయ్యికి కూడా పరిశుద్ధాత్మతో సంబంధం ఉందని నమ్మడానికి ఇంతకంటె ఆధారం ఏం కావాలి?

అయితే 35వ అధ్యాయం 34వ వచనం కూడా చదవండి. బెసలేలుకూ దాను గోత్రపువాడైన అహోలీయాబుకూ పని నేర్పుతో పాటు, ఇతరులకు నేర్పే మనసును కూడా దేవుడు పుట్టించాడని అక్కడ ఉంది. ఇది రెండవ వరం. మొదటి వరంతో ప్రత్యక్షపు గుడారం లేచింది. రెండవ వరం లేకపోతే ఆ నేర్పు బెసలేలుతోనే మట్టిలో కలిసేది.

మా సంఘపు తండ్రి దగ్గర మొదటి వరం ఉంది. ఫ్యూజులు జేబులో వేసుకునేవాడు. రెండవ వరాన్ని వాడలేదు. వాడనీయకుండా చేసినవారిలో నా ప్రార్థన కూడా ఉంది. అందుకే ఆ ప్రార్థనలో సగం నేను వెనక్కి తీసుకున్నాను. ఇప్పుడు పిల్లలను హాస్టలుకు పంపే ఇంట్లో మంచి చదువు కోసం ప్రార్థిస్తాను. మట్టి అంటకూడదని మాత్రం అడగను. తండ్రికి తెలిసిన పనిని బిడ్డకు నేర్పే మనసు ఇమ్మని అడుగుతాను.

మన సంఘాలలో చేయగలిగినవి

పెద్ద పథకాలు అక్కరలేదు. మా దగ్గర చేసి చూసిన నాలుగు చిన్న సంగతులు చెబుతాను.

మొదటిది: వేసవిలో సెలవుల బైబిలు పాఠశాల జరిగేటప్పుడు రోజుకొక గంట సంఘంలోని పనివాళ్లకు ఇవ్వండి. ఎలక్ట్రీషియన్, మేస్త్రీ, దర్జీ, మోటారు వైండరు – వారు పనిముట్లు తెచ్చి చూపిస్తారు. పిల్లలు ముట్టుకుని నేర్చుకుంటారు.

రెండవది: ఆడపిల్లలను పక్కన కూర్చోబెట్టకండి. ఫ్యూజు వేయడం, కుట్టుమిషను విప్పి నూనె వేసి బిగించడం, గ్యాసు ట్యూబు తనిఖీ చేయడం వారికీ రావాలి. ఇంట్లో ప్రమాదం వస్తే ముందు ఎదుర్కొనేది వారే.

మూడవది: గుడిలోని మైకుసెట్టు, జనరేటరు పాడైతే వెంటనే ఆటోలో టౌనుకు పంపకండి. తెలిసిన పెద్దను పిలిచి, ఇద్దరు యౌవనస్థులను పక్కన కూర్చోబెట్టి, వారి చేత విప్పించండి. రెండు ఆదివారాలు మైకు లేకుండా ప్రసంగించినా గొంతుకు ఏమీ కాదు.

నాల్గవది, అన్నిటికంటె ముఖ్యం: యంత్రం మీద చెయ్యి వేసే ముందు కరెంటు తెంచే పద్ధతిని ప్రతి ఇంట్లో నేర్పండి. స్విచ్చి ఆపడం చాలదు. కరెంటు పోయిందనుకోవడం అసలే చాలదు. ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవాలి. కోత పండుగ రోజున ఈ మాట బలిపీఠం దగ్గర నిలబడి చెప్పడానికి నేను సిగ్గుపడను.

మొన్న ఆ తండ్రీకొడుకుల పొలం వైపు వెళ్లాను. పంపు విప్పి ఉంది. తండ్రి గట్టు మీద కూర్చున్నాడు, చెయ్యి వేయడం లేదు. కుర్రవాడు మూడు వేళ్ల చేత్తో స్పానరు పట్టి గ్లాండులో కొత్త తాడు చుడుతున్నాడు. అతని పక్కన తమ్ముడు, తొమ్మిదో తరగతి పిల్లవాడు, నట్లు వరుసలో పేరుస్తున్నాడు. నన్ను చూసి కుర్రవాడు లేవబోయాడు. వద్దన్నాను.

"ఫ్యూజులు ఎక్కడ బాబూ?" అని అడిగాను.

అతడు నవ్వి తమ్ముడి వైపు చూపించాడు. చిన్నవాడు చొక్కా జేబు తట్టి చూపించాడు. లోపల మూడూ గలగలలాడాయి.

ప్రియులారా, తొంబైయవ కీర్తన చివర మోషే మన చేతుల పని నిలిచేలా చేయమని దేవుణ్ణి వేడుకున్నాడు. పని నిలవాలంటే అది ఒక చేతి నుంచి మరొక చేతికి అందాలి. మీ ఇంట్లో, మీ వీధిలో, మీ గుడిలో పని తెలిసిన ఒక పెద్ద ఉన్నారు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వారి పక్కన కూర్చోండి, మీ పిల్లలను కూర్చోబెట్టండి. మన పల్నాడు కమ్మరి లేని దేశం కాకుండా ప్రభువు కాపాడును గాక. ఆమేన్.